కండక్టరమ్మ చేతులు

వ్యాను తాళాలు నా చేతిలో పెడుతూ మా బావమరిది మూడు సంగతులు చెప్పాడు. "బావా, ఇక్కడ రోడ్డుకి కుడి పక్కన నడపాలి. పొయ్యి వాడాక గ్యాసు సిలిండరు దగ్గర కట్టెయ్యాలి. వెనక తలుపు గొళ్ళెం వదులుగా ఉంది, రెండు స్క్రూలు బిగిస్తే చాలు, నాకే తీరిక దొరకలేదు." మొదటి రెండూ నేను బుద్ధిగా పాటించాను.

అతను నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. ఈ దేశం వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. పాత వ్యాన్లలో మంచమూ పొయ్యీ అరలూ బిగించి, వాటిని తిరిగే ఇళ్ళుగా మార్చే షెడ్డులో వెల్డరు. మేమిద్దరం రిటైరయినప్పటి నుంచి రమ్మని పిలుస్తూనే ఉన్నాడు. వచ్చాక, అమ్ముడుపోని ఒక పాత వ్యాను మాకిచ్చి, పాత ఊళ్ళూ కోటలూ చూసి రమ్మన్నాడు. రెండు మడత కుర్చీలు, వ్యానుకి ఆనించి వేసుకునే ఒక గుడారం, కింద పరుచుకోవడానికి పెద్ద టార్పాలిన్ కూడా ఇచ్చాడు.

"ముప్ఫై నాలుగేళ్ళు బస్సు తోలినవాడికి పాఠాలు చెబుతున్నావా?" అన్నాను.

"మీ బస్సుకి అసలు బ్రేకులుండేవా బావా? దారిపొడుగునా జనం మీకు దండాలు పెడుతుంటే భక్తి అనుకునేవాణ్ణి. భయమట కదా!"

"బ్రేకులెందుకురా, మీ అక్క ఉండేది. ఒక్క తట్టు తట్టిందంటే ఏనుగైనా ఆగాల్సిందే."

అన్నాక నాలుక కరుచుకున్నాను. నా భార్య దుప్పటి సర్దే నెపంతో వ్యానులోకి వంగిపోయింది. బావమరిది మాత్రం ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

పందొమ్మిదేళ్ళు ఒకే బస్సులో మా ఇద్దరికీ డ్యూటీ. నేను డ్రైవరు, ఆమె కండక్టరు. డిపో నుంచి కొండ కింద చివరి ఊరి దాకా, మళ్ళీ వెనక్కి, రోజుకు నాలుగు ట్రిప్పులు. మాకు పిల్లలు లేరు. ఆ బస్సే మా సంసారం. నేను ఆమెను కండక్టరమ్మా అనేవాణ్ణి, ఆమె నన్ను డ్రైవరు గారూ అనేది. ఇంట్లో కూడా అంతే. కూరలో ఉప్పు ఎక్కువైతే "డ్రైవరు గారూ, ఈ పూటకు సర్దుకొని కూర్చోవాలి" అనేది.

మా ఇద్దరి మధ్య మాటలకంటే తట్లు ఎక్కువ. టికెట్లకు చిల్లులు పెట్టే ఇనప పట్టకారుతో బస్సు రేకు మీద ఒకసారి తడితే ఆపమని, రెండుసార్లు తడితే కదలమని. జనంతో కిక్కిరిసిన బస్సులో వెనక ఏం జరుగుతోందో డ్రైవరుకి కనబడదు. అందుకే చెవిని నమ్ముకోవాలి. నేను ఆ చెవితోనే పందొమ్మిదేళ్ళు బండి నడిపాను.

చివరి ఊరి నుంచి తిరిగొస్తుంటే ఆమె ఒక్కోసారి అనేది. "ఎప్పటికైనా తిరుగు ట్రిప్పు లేని దారిలో పోవాలండీ. పోతూనే ఉండాలి, చూసిన ఊరు మళ్ళీ చూడకూడదు."

పదకొండేళ్ళ కిందట, ఒక పొద్దున, మూడో స్టేజీ దగ్గర పూలవ్వ దిగుతోంది. రోజూ మా బస్సులోనే పూలగంపతో వచ్చే ముసలావిడ. రెండు తట్లు వినబడ్డాయి. నేను క్లచ్చి వదిలాను. పూలవ్వ మెట్టు మీద నుంచి పడింది. మూడో రోజున పోయింది.

ఎంక్వైరీలో నా భార్య చెప్పింది. "నేను తట్టలేదు సార్." నన్ను అడిగారు. "సిగ్నల్ విన్నావా?" విన్నాను సార్ అన్నాను. "ఎన్ని తట్లు?" రెండు సార్ అన్నాను. ఇంకేమీ అడగలేదు. కాగితం మీద సంతకం పెట్టమన్నారు, పెట్టాను.

నేను చెప్పినదంతా నిజమే. రెండు తట్లు నా చెవిన పడ్డ మాట దేవుడి ముందైనా చెబుతాను. కానీ క్లచ్చి వదిలిన మరుక్షణం నేను అద్దంలోకి చూశాను. నా భార్య నేల మీద నిలబడి ఉంది. పూలవ్వ గంపను ముందుగా దించుకుని రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఆ చేతులు తట్టే వీలే లేదు. అది నేను చూశాను. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

మరి ఆ తట్లు ఎక్కడివి? అదీ నాకు తెలుసు. బస్సు వెనక డిక్కీ తలుపు గొళ్ళెం వారం రోజులుగా వదులుగా ఉంది. ఇంజను వణికినప్పుడల్లా ఆ తలుపు రేకును కొడుతూనే ఉంది. రిపేర్ల పుస్తకంలో రాయాల్సినవాణ్ణి నేను. రేపు రాద్దాం, రేపు రాద్దాం అనుకున్నాను. అద్దంలో చూసినది చెబితే ఆ తలుపు సంగతీ బయటికొస్తుంది.

ఆమెను కండక్టరు పని నుంచి తీసేశారు. పట్టకారు, సంచి, బ్యాడ్జీ తీసుకుని చీపురు చేతికిచ్చారు. రిటైరయ్యే దాకా డిపోలో బస్సులు ఊడ్చింది. నా బస్సు కూడా ఆమే ఊడ్చేది. అప్పటి నుంచి నన్ను డ్రైవరు గారూ అని పిలవలేదు. కోపంతో మానలేదు, ఎక్కడో పోగొట్టుకున్నట్టు మానేసింది. నేను మాత్రం రోజూ దీపం వెలిగించి పటం ముందు కూర్చుని అడిగేవాణ్ణి. "స్వామీ, అడగని ప్రశ్నకు జవాబు చెప్పకపోవడం అబద్ధమవుతుందా?" దేవుడు కూడా నేను అడిగిన మేరకే వినేవాడేమో, ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఈ ప్రయాణానికి ఒప్పుకున్నది ఆమెకు ఊళ్ళు చూపించాలని మాత్రమే కాదు. మన మనిషి, మన గోడ, మన డిపో లేని చోట ఎక్కడో ఒకచోట చెప్పేద్దామని.

మొదటి రోజున ముందు సీట్లో కూర్చోమన్నాను. "వద్దులెండి, నాకు ముందు కూర్చుంటే కళ్ళు తిరుగుతాయి" అని వెనక మంచం అంచున కూర్చుంది. దారికి రెండు వైపులా పసుపు పచ్చని చేలు, వాటి మధ్య రాతి కంచెలు, గొర్రెలు. ఒక చోట రోడ్డు మీద గొర్రెల మంద అడ్డం వచ్చింది. ఆగాను. మంద దాటిపోయాక వెనక నుంచి స్టీలు గరిటతో రేకు మీద రెండు తట్లు. టక్, టక్.

వెనక్కి తిరిగి చూశాను. గరిట పట్టుకుని, తప్పు చేసిన పిల్లలా చూస్తోంది.

"ఊరికే. చెయ్యి ఊరుకోలేదు" అంది.

"రైట్ రైట్" అన్నాను. అద్దంలో ఇంకోసారి చూసుకుని కదిలాను.

అప్పటి నుంచి గరిట ఆమె చేతిలోనే ఉండేది.

రెండో ఊరికి చుట్టూ కోటగోడ. లోపలికి పోవడానికి ఒకటే రాతి ద్వారం, ఎడ్లబళ్ళ కాలంలో కట్టింది. మా వ్యానుకి అటు జానెడు, ఇటు జానెడు సందు. వెనక నాలుగు కార్లు ఆగిపోయాయి. హారన్లు మొదలయ్యాయి. నాకు చెమటలు పట్టాయి. ఆమె చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి కిందికి దూకింది. వెనక కార్లవాళ్ళకు అరచెయ్యి అడ్డంపెట్టి, మన భాషలోనే గదిమింది. "ఆగండయ్యా! అందరూ పోతారు, ఎవరూ ఇక్కడ కాపురం పెట్టరు!" వాళ్ళకేం అర్థమైందో, హారన్లు ఆగిపోయాయి. ద్వారం పక్క కొట్లో చెప్పులు కుట్టే ముసలాయన పని ఆపి గడపలోకి వచ్చి నిలబడ్డాడు.

"డ్రైవరు గారూ, ఎడమ పక్కకి కొంచెం... ఇంకొంచెం... చాలు! నేరుగా రానివ్వండి!"

డ్రైవరు గారూ. పదకొండేళ్ళ తర్వాత. ఆమె అన్నదని ఆమెకే తెలియదు. నేను రాతిని గీసుకోకుండా ద్వారం ఎలా దాటానో నాకు తెలియదు. చెప్పులు కుట్టే ఆయన చప్పట్లు కొట్టాడు. ఆమె సిగ్గుపడి, ఆయనకు నమస్కారం పెట్టి, పరిగెత్తుకొచ్చి ఎక్కింది.

"చూశారా, ఇంకా పనికొస్తాను" అంది.

ఇప్పుడు చెప్పెయ్యి, అంది నా మనసు. ఈ సంతోషాన్ని చెడగొట్టకు, అంది అదే మనసు. రెండోదాని మాట విన్నాను. ఎప్పుడూ అంతే.

ఆ ఊళ్ళో ఒక పాత రాతి ప్రార్థనాలయం ఉంది. మన దేవుడు కాదు. అయినా లోపల చల్లగా, నిశ్శబ్దంగా, మన గర్భగుడిలో ఉన్నట్టే ఉంది. ఒక మూల చిన్న చిన్న కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. చెప్పులు విప్పాలేమోనని ఇద్దరం తటపటాయించాం. ఎవరూ విప్పలేదు. ఆమె మాత్రం విప్పి పక్కన పెట్టి, ఒక కొవ్వొత్తి వెలిగించింది.

"ఎవరికి?" అన్నాను, తెలిసి కూడా.

"పూలవ్వకి. ఇంటి దగ్గర రోజూ పెడతాను కదా, ప్రయాణమని మానితే ఎలా? ఏ దేవుడైతే ఏముంది, చేరవేస్తాడు." అంతే మామూలుగా ఇంకో మాట అంది. "చేసిన పాపం ఊరు మారినంత మాత్రాన పోతుందా?"

ఇన్నేళ్ళూ ఆమె ఇంట్లో పెట్టే ఆ రెండో దీపం జాలికొద్దీ అనుకున్నాను. చేసిన పాపమని ఆమె నోట వినడం అదే మొదటిసారి. ఆ గుడ్డి వెలుతురులో చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. నేను ఆమె చేతులే చూస్తూ నిలబడ్డాను. చీపురు పట్టి పట్టి బొటనవేలి మొదట్లో కాయకాచిన చేతులు.

నాలుగో రోజు ఒక ఏటి ఒడ్డున, గుడారాలు వేసుకునేవాళ్ళ కోసం చదును చేసిన పచ్చిక మైదానంలో ఆగాం. రాత్రంతా వాన. తెల్లారాక తెరిపిచ్చింది, గాలి మాత్రం ఆగలేదు. వరసగా గుడారాలు, వాటి ముందు బట్టలారేసుకునేవాళ్ళు, పళ్ళు తోముకునేవాళ్ళు. కాఫీ తాగి మేమూ సామాను సర్దడం మొదలుపెట్టాం. వ్యాను ముందు వైపు కంచె. వెనక్కి తీసి తిప్పుకోవాలి.

"మీరు ఇంజను వేడెక్కించండి, తడి నేలలో చక్రం దిగబడుతుందేమో చూద్దాం. నేను ఈ టార్పాలిన్ మడిచి, కుర్చీలు లోపల పెట్టి చెబుతాను."

"చెబుతానంటే?"

"తడతాను మహానుభావా! ఇంకెలా చెబుతాను?"

ఎక్కి కూర్చున్నాను. ఇంజను స్టార్టు చేసి రివర్సు గేరు వేసి, క్లచ్చి తొక్కిపెట్టి ఎదురుచూశాను. అద్దం నిండా వాన చుక్కలు. తుడుద్దామనుకున్నాను. ఇంతలో రెండు తట్లు వినబడ్డాయి.

క్లచ్చి వదిలాను.

ఏదో విరిగిన చప్పుడు. బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాను. తలుపు తీసి ఎలా దిగానో తెలియదు, బురదలో మోకాళ్ళ మీద పడ్డాను. లేచి వెనక్కి పరిగెత్తాను.

ఆమె నిలబడి ఉంది. ఒక అడుగు అవతల. తడి టార్పాలిన్ రెండు చేతుల నిండా, గడ్డం దాకా ఎత్తి పట్టుకుని ఉంది. ఆమె అప్పుడే లేచిన మడత కుర్చీ చక్రం కింద నలిగి ఉంది. గరిట ఎక్కడుంది? దూరంగా, కుళాయి దగ్గర, కడిగిన గిన్నెల మధ్య.

ఆమె మొహం తెల్లగా పాలిపోయింది. నన్ను చూసి, నేను నోరు విప్పకముందే అంది.

"క్షమించండి. నేనే తట్టానేమో. చూసుకోకుండా తట్టేసి ఉంటాను."

"నువ్వా?"

"నేనేనండీ. ఇంకెవరు తడతారు? నాకీ మధ్య మతిమరుపు."

రెండు చేతుల్లో టార్పాలిన్ అలాగే ఉంది. దాని నీళ్ళు మోచేతుల మీదుగా కారుతున్నాయి. అప్పుడు గాలి వీచింది. వ్యాను వెనక తలుపు కొంచెం తెరుచుకుని రేకును కొట్టింది. టక్, టక్.

ఇద్దరం ఆ తలుపును చూశాం. ఇంకోసారి కొట్టింది. ఆమె తలుపు వైపు, నా వైపు చూసి, "అయ్యో, సరిగ్గా వెయ్యలేదు నేను" అంది.

ఆ మాటతో నాలో ఏదో తెగిపోయింది. పటం ముందు పదకొండేళ్ళు కూర్చున్నా రాని మాట, బురదలో నిలబడి ఉండగా వచ్చింది.

"నువ్వు తట్టలేదు. ఇవాళా తట్టలేదు, ఆ రోజూ తట్టలేదు. నేను చూశాను."

"ఏం చూశారు?"

"అద్దంలో. పూలవ్వ గంప నీ చేతుల్లో ఉంది. రెండు చేతులూ గంప కిందే ఉన్నాయి. డిక్కీ తలుపు కొట్టుకుంది, ఇలాగే. దాని గొళ్ళెం వదులైందని నాకు ముందే తెలుసు. రాయలేదు. ఎంక్వైరీలో వాళ్ళు విన్నావా అనే అడిగారు, చూశావా అని అడగలేదు. నేను చెప్పలేదు."

టార్పాలిన్ నెమ్మదిగా కింద పెట్టింది. విరిగిన కుర్చీ పక్కన, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుంది. తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, తిరగేసి, మళ్ళీ తిరగేసి చూసుకుంది.

"మొదట్లో నాకు తెలుసు" అంది. "ఏడాదో రెండేళ్ళో గట్టిగా తెలుసు. తట్టలేదు, తట్టలేదు అని చీపురు పట్టుకుని నాలో నేనే అనుకునేదాన్ని. కానీ మీరు విన్నానన్నారు కదా. మీరు అబద్ధమాడరు. పూజ చెయ్యందే పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి. మీరు విన్నారంటే నేను తట్టే ఉంటాను. మీ మాట నమ్మి నా చేతిని నమ్మడం మానేశాను."

"తప్పు నాదే..."

"ఉండండి, చెప్పనివ్వండి. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఏం కనబడుతుందో తెలుసా? ఈ చెయ్యి తట్టడమే కనబడుతుంది. పట్టకారు చల్లదనం కూడా తెలుస్తుంది. గంప కనబడదు. మీరు ఉందంటున్నారు. ఏమో. అందులో ఏ పూలున్నాయి?"

నాకు గుర్తులేదు. పూలున్నాయో, ఖాళీ గంపో కూడా గుర్తులేదు.

"అదీ చెప్పలేరు" అంది. ఎగతాళిగా కాదు, నిజంగా ఆశపడి అడిగినట్టే ఉంది.

"డిపోకి రాస్తాను. వెళ్ళగానే రాసిస్తాను. మొత్తం."

"ఎవరు చదువుతారు? నేను ఊడ్చిన బస్సులే తుక్కుకి పోయాయి." కొంగుతో మొహం తుడుచుకుంది. "రాయండి. రాయొద్దనను. కానీ రోజూ నేను పెట్టిన దీపాలన్నీ ఏమవుతాయి? చెయ్యని పాపానికి క్షమించమని అడిగితే దేవుడు ఏమనుకుని ఉంటాడు? పిచ్చిది, అనుకుని ఉంటాడా? చెప్పొచ్చు కదా ఆయనైనా, నీది కాదమ్మా అని!"

చెప్పమనే దేవుడు నా కళ్ళకే చూపించాడేమో, ఆ పని నాకే అప్పగించాడేమో అనిపించింది. ఆ మాట పైకి అనడానికి నాకు అర్హత లేదు.

పక్క గుడారంలో నుంచి ఒక పెద్దాయన వచ్చి, విరిగిన కుర్చీ చూపించి, దెబ్బ తగిలిందా అన్నట్టు సైగ చేశాడు. లేదని ఆమే తలూపింది. ఆయన తన స్క్రూడ్రైవరు తెచ్చిచ్చాడు, కుర్చీ బాగుచేసుకోమని. కుర్చీ ఇక బాగుపడదు. నేను ఆ స్క్రూడ్రైవరుతో వెనక తలుపు గొళ్ళెం బిగించాను. రెండు స్క్రూలు. ఆయన పొట్లం విప్పి బిస్కెట్టు ఒకటి మా ఆవిడ చేతిలో పెట్టేలోగా పని అయిపోయింది.

సామాను ఎక్కించాం. కడిగిన గిన్నెలు ఆమే తెచ్చింది. గరిటను మిగతా గిన్నెలతో పాటు అరలో పెట్టి మూసేసింది. ఈసారి అడగకుండానే ముందు సీట్లో కూర్చుంది. గంటన్నర దారి. చేలు, గొర్రెలు, దూరంగా కొండ మీద పడిపోయిన బురుజు. మామూలుగానైతే ఇద్దరం వేలు పెట్టి చూపించుకునేవాళ్ళం.

మధ్యాహ్నానికి ఇంకో పాత ఊరు వచ్చింది. ఊళ్ళోకి పోవాలంటే ఏటి మీద సన్నని రాతి వంతెన దాటాలి. రెండు పక్కలా మోకాలెత్తు గోడ. ఆపాను.

ఆమె దిగింది. వెనక్కి పోతుందనుకున్నాను, అలవాటుగా చెవి అటు పెట్టాను. ఆమె వ్యాను ముందుకొచ్చి, నాకు ఎదురుగా నిలబడింది. రెండు చేతులూ భుజాల ఎత్తుకి లేపి, అరచేతులు నా వైపు తెరిచి పట్టుకుంది. అలాగే వెనక్కి అడుగులు వేస్తూ, వేళ్ళతో రమ్మని చూపించింది. డ్రైవరు గారూ అనలేదు. నేనేదైనా విన్నానని చెప్పుకోవడానికి ఏ చప్పుడూ లేదు. చూడడం తప్ప నాకు వేరే దారి లేదు.

ఫస్టు గేరులో, మనిషి నడకతో వెళ్ళాను. ఆమె చేతుల మీద నుంచి కళ్ళు తీయలేదు. వంతెన అయిపోయింది, వీధి వెడల్పయింది. ఇక ఎక్కొచ్చు. ఆమె ఎక్కలేదు, చేతులు దించలేదు. వీధిలో జనం ఆగి చూస్తున్నారు. కాయకాచిన ఆ రెండు చేతులూ ఎత్తి పట్టుకుని ఆమె నడుస్తూనే ఉంది. నేను ఆమె వెనక వెళ్తూనే ఉన్నాను.